ఒక్క బండిలో ముగ్గురం

హైదరాబాద్‌లో నయాపూల్ దగ్గర మా ఆటో అడ్డాలో ఒకప్పుడు పొద్దస్తమానం ఇంజన్ల చప్పుడే. లైన్‌లో ముందున్న బండికి గిరాకీ దొరికి కదిలిందంటే, వెనకవాళ్ళందరం బండ్లు స్టార్ట్ చేసి, ఒక బండి జాగా ముందుకు జరిగి, మళ్ళీ ఆపేవాళ్ళం. బండ్లకు కొట్టించే గ్యాస్ ధర ఎక్కడం మొదలయ్యాక ఆ చప్పుడు తగ్గుతూ వచ్చి చివరికి పూర్తిగా పోయింది. దిగి, ఒక చేత్తో హ్యాండిల్ పట్టుకుని, భుజం ఆనించి బండిని తోసుకుంటూ ముందుకు జరగడం అలవాటైంది. ముందు ఎవరు మొదలుపెట్టారో గుర్తులేదు. ఒకడు తోస్తే మిగతావాళ్ళం నవ్వాం. నాలుగు రోజులు తిరిగేసరికి నవ్వినవాళ్ళందరం తోస్తున్నాం.

కొత్తగా బండి పట్టిన పిల్లలు కనిపిస్తే, "అన్నా, మీ కాలంల మంచిగుండె గదా" అంటుంటారు. ఎట్లా మంచిగా ఉండేదో చెప్పమంటే మాత్రం వినే ఓపిక ఉండదు, ఫోన్ మోగుతుంది, పోతారు. అందుకే రాస్తున్నాను. మంచిగా ఉన్నది నిజమే. కానీ వాళ్ళనుకునే కాలం కాదు. గ్యాస్ చవకగా ఉన్న రోజులు నాకు పెద్దగా గుర్తే లేవు. నా మనసు పోయేది ధర మండిపోయిన ఆ ఏడాది మీదికే.

మాది దబీర్‌పురా. తాతల నాటి నుంచి పాల వ్యాపారం. ఇళ్ళు పెరిగి బర్రెలను కట్టేసే జాగా లేకపోయాక బాపు వాటిని అమ్మేశాడు, నేను ఆటో పట్టాను. దీన్ని ఉద్యోగమంటే కొందరు ఒప్పుకోరు. నియామక పత్రం లేదు, పింఛను లేదు. చివరికి దిగిపొమ్మని చెప్పింది కూడా నా మోకాళ్ళే.

బండి నడిపేవాడికి ఇంధనం ధర ఎట్లా తగులుతుందో బయటివాళ్ళకు తెలియదు. నెలకోసారి వచ్చే కరెంటు బిల్లు లాంటిది కాదు. పొద్దున బంక్ బోర్డు చూడగానే ఆ రోజు మొహం ఎట్లా ఉండాలో తేలిపోతుంది. బోర్డు మీద అంకె మారిన రోజు మేం ఒకరినొకరం పలకరించుకునేవాళ్ళం కాదు. అందరి నడతా మెల్లమెల్లగా మారింది. సిగ్నల్ దగ్గర ఎర్రలైటు పడకముందే ఇంజన్ ఆపేవాళ్ళం. ఫ్లైఓవర్ దిగేటప్పుడు గేరు తీసేసి బండిని దాని మానాన వదిలేవాళ్ళం. గిరాకీ కోసం ఖాళీ బండితో గల్లీలు తిరగడం బందైంది. అటు పోతే తిరుగు గిరాకీ దొరకదనిపిస్తే సవారీ ముఖం మీదే రానని చెప్పేవాళ్ళం. చెప్పించుకున్నవాళ్ళు తిట్టుకుంటూ పోయేవాళ్ళు. వాళ్ళ కోపమూ న్యాయమే, మా లెక్కా న్యాయమే.

ఇంట్లోనూ అంతే. అంతకుముందు ఆదివారం సాయంత్రాలు ఇంటిల్లిపాదినీ ఎక్కించుకుని ఊరికే ఒక చక్కర్ కొట్టేవాణ్ని. అది పోయింది. నా భార్య పుట్టింటికి బస్సులో పోయి వచ్చి, "ఆటో ఉన్నోని పెండ్లామని పేరే గనీ, బస్సుల నిలవడి వచ్చిన" అని రెండు రోజులు మాట్లాడలేదు.

అడ్డాలో బండ్లు నిలబడిపోయాక మనుషులం కూర్చోవడం మొదలుపెట్టాం. అంతకుముందు ఏళ్ళ తరబడి ఒకే అడ్డాలో ఉన్నా మాకు ఒకరి వీపులు ఒకరికి తెలుసు, అంతే. వీడు వచ్చేలోగా వాడు పోయేవాడు. ఇప్పుడు గంటల తరబడి గోడ నీడన కూర్చోవాల్సి వచ్చేసరికి ముఖాలు తెలిశాయి. అట్లా దగ్గరైనవాళ్ళు ఇద్దరు.

ఒకాయన చాచా. అడ్డాలో అందరికంటే పెద్ద. గడ్డం తెల్లబడింది గానీ చేతుల్లో పట్టు తగ్గలేదు. ఆయనదీ దబీర్‌పురానే. పాత దర్వాజా కమాను దాటాక ఒక ఇరుకు గల్లీలో ఇల్లు. ఇంట్లో ఆయన, ఆయన భార్య చాచీ. రెండోవాడు మలక్‌పేట నుంచి వచ్చే కుర్రాడు. కుర్రాడంటే ముప్పై దాటినవాడే, మాకంటే చిన్న అని తమ్ముడు అనేవాణ్ని. నోరు ఊరుకునేది కాదు. గ్యాస్ ధర గురించి ఎవరిని తిట్టాలో తెలియక బంక్ బోర్డును తిట్టేవాడు.

ఒక సాయంత్రం చాచా బండిలో గ్యాస్ అయిపోయింది. బంక్‌లో లైన్ రోడ్డు మీదికి వచ్చి ఉంది. అంతసేపు నిలబడే ఓపిక ఆయనకు లేదు. "చాచా, నీ బండి ఈడనే పెట్టు, నాతోటి రా. పొద్దుగాల చూస్కుందం" అన్నాను. అడ్డా వెనక స్టీలు సామాన్ల దుకాణం సేట్‌కు గేటున్న గోదాం ఉంది. ముందున్న ఖాళీ జాగాలో బండి పెట్టుకుంటామని అడిగితే ఆయన మమ్మల్ని ఎగాదిగా చూసి, "దుకాణం మూసినంక గేటు ఏస్త, పొద్దుగాల తీస్త. నాకేం పోయింది?" అన్నాడు.

చాచా నా బండిలో వెనక సీట్లో కూర్చున్నాడు. కాసేపు అటూ ఇటూ జరిగి, కాళ్ళు పైకి పెట్టుకుని, ఆశ్చర్యంగా అన్నాడు. "ఇన్నేండ్లు ఆటో నడిపిన భాయ్. ఎనక సీటు గింత మెత్తగుంటదని ఎరుక లేకుండె."

మర్నాడు ఈ సంగతి విని తమ్ముడు ఆలోచనలో పడ్డాడు. వాడు ఆలోచించడం అరుదు కాబట్టి మేమిద్దరం ఎదురుచూశాం.

"అన్నా, మన ముగ్గురిదీ ఒక్కటే తొవ్వ గద. దబీర్‌పురా మీదికెల్లే నేను మలక్‌పేటకు పోత. మూడు బండ్లు ఖాళీగ ఎందుకు ఉరకాలె? రోజుకొక బండి ఇంటికి పోతది. కడమ రెండు సేట్ గోదాంల పంటయి."

ఆ రోజు నుంచి అట్లాగే జరిగింది. ఎవరి వంతైతే వాళ్ళ బండి. సాయంత్రం ఆ బండివాడే మిగతా ఇద్దరినీ ఇళ్ళ దగ్గర దింపి, పొద్దున మళ్ళీ ఎక్కించుకోవాలి. నడిపేవాడి పక్కన సీటు అంచున ఒకడు సర్దుకుని కూర్చుంటే, ఒకడు వెనక నవాబులా. వెనక కూర్చునే వంతు కోసం మాకు లొల్లి అయ్యేది. రోజంతా సవారీలను మోసిన మాకు, చివరికి మమ్మల్ని కూడా ఒకరు మోసుకుపోవడం కొత్తగా ఉండేది.

మిగిలిన గ్యాస్ సంగతి నిజం చెప్పాలంటే ఏమంత కాదు. ఆ మిగులు చాయ్‌కీ, బజ్జీలకీ పోయేది. కానీ సాయంత్రమయ్యేసరికి మనసు ఇంటివైపు కాకుండా ఆ దారివైపు లాగేది. పక్క అడ్డావాళ్ళు నవ్వారు. "మూడు ఆటోలు ఉండి షేర్ ఆటోల పోతున్నరు, చూడుండ్రి" అన్నారు. నవ్వనీ అనుకున్నాం. మదీనా చౌరస్తా దాటి, పురానీ హవేలీ పక్క నుంచి, జనంలో ఇరుక్కుంటూ పోయే ఆ దారిని అంతకుముందు తిట్టుకుంటూ నడిపాను. ఆ ఏడాది మాత్రం రద్దీ ఎక్కువుంటే బాగుండు, ఇంకాసేపు ఆగుతుంది అనిపించేది. ఆగినప్పుడల్లా ఇంజన్ ఆపేస్తాం కదా. ఆపగానే మాట వినిపిస్తుంది.

ఆ పొదుపులో ఉన్న లోటు మాకు తోచలేదు. ఒక వాన వెలిసిన సాయంత్రం అది మా ముందుకు వచ్చి నిలబడింది.

ఆ రోజు తమ్ముడి బండి వంతు. ముందు చాచా దిగాడు. తర్వాత రైల్వే స్టేషన్ వైపు మా గల్లీ మొదట్లో నేను దిగాను. వాడు మలక్‌పేట దారి పట్టాడు. నేను కాళ్ళు కడుక్కుంటుండగా ఫోన్ మోగింది. చాచా.

"భాయ్, చాచీకి దమ్ము ఆడ్తలేదు. పండుకుంటే అసలే ఆడ్తలేదు. పెదవులు నల్లగైనయి."

ఆయన గొంతు ఎప్పుడూ అట్లా వినలేదు. "ఫికర్ చెయ్యకు చాచా, వస్తున్న" అని, వెంటనే తమ్ముడికి ఫోన్ చేశాను. వాడు విషయం పూర్తిగా వినకుండానే, "తిప్పుతున్న అన్నా" అన్నాడు. నేను వాళ్ళ ఇంటివైపు పరుగెత్తాను. మా ఇద్దరికీ ఆటోలున్నాయి. రెండూ సేట్ గోదాంలో, గేటు లోపల.

నేను చేరేసరికి చాచా గల్లీ మొదట్లో, రోడ్డు మీద నిలబడి ఉన్నాడు. అంబులెన్సుకు అప్పటికే ఫోన్ చేశారట. బయలుదేరింది గానీ, వాన వెలిసిన రద్దీలో ఎక్కడో ఆగిపోయింది. పక్కింటి పిల్లవాడు ఫోన్‌లో ఆటో పిలిస్తే ఒకడు ఒప్పుకుని మళ్ళీ రద్దు చేశాడు. గల్లీలో మోటారు సైకిళ్ళు ఉన్నాయి. ఊపిరి అందని మనిషి వాటి మీద కూర్చోవడం కుదరదు. గల్లీలోని ఆటోలన్నీ సాయంత్రం గిరాకీకి పోయి ఉన్నాయి.

చాచా చేయి పైకెత్తి పోయే ప్రతి ఆటోనూ ఆపుతున్నాడు. కొందరు సవారీలతో ఉన్నారు. ఖాళీగా ఉన్నవాళ్ళు వేళ్ళు ఆడించి, రాను అన్నట్టు చూపించి పోతున్నారు. ఒకడు మాత్రం నెమ్మది చేసి, "కిధర్?" అన్నాడు.

"మలక్‌పేట, దవాఖానకు" అన్నాడు చాచా.

"ఆ ట్రాఫిక్‌ల ఎవరొస్తరు చాచా? అక్కడికెల్లి ఖాళీగ రావాలె" అని వాడు పోయాడు. బహుశా దవాఖాన అన్న మాట వాడు వినలేదు. వినలేదనే నేను ఇప్పటికీ అనుకుంటాను.

చాచా ఎత్తిన చేయి దించి నావైపు చూశాడు. కోపం లేదు. "నేను గూడ మందికి గిట్లనే జెప్పిన గద భాయ్" అన్నాడు మెల్లగా.

అంతలో తమ్ముడి బండి హారన్ కొట్టుకుంటూ ఎదురుగా వచ్చింది. చాచీని కుర్చీతో సహా ఎత్తుకొచ్చి వెనక సీట్లో కూర్చోబెట్టాం. చాచా ఆమెను ఆనుకుని కూర్చున్నాడు. ఆమె రెండు చేతులతో ముందు రాడ్ పట్టుకుని, నోరు తెరిచి గాలి లాగుతోంది. ఆ చప్పుడు ఇంజన్ చప్పుడు కంటే పెద్దగా వినిపించింది నాకు. నేను తమ్ముడి పక్కన కూర్చున్నాను.

చంచల్‌గూడ దాటాక బండి ఒకసారి దగ్గింది. తమ్ముడు నావైపు చూశాడు. మళ్ళీ దగ్గి, వేగం తగ్గి, నిలిచిపోయింది.

గ్యాస్ అయిపోయింది. మా అందరి అలవాటు ఒకటే, ఏ రోజుకు ఆ రోజు కొట్టించుకోవడం. రేపు తగ్గుతుందేమో అన్న ఆశ ఒకటి, చేతిలో అంతే ఉండటం ఒకటి. ఆ రోజు వాడికి ఇంటికి పోయేంత ఉంది. వెనక్కి తిరిగి వచ్చి మళ్ళీ పోయేంత లేదు. గ్యాస్ బండికి ఇట్లాంటప్పుడు పనికొచ్చే చిన్న పెట్రోల్ ట్యాంకు వేరే ఉంటుంది. అందులో పెట్రోలు పోయడం అడ్డా మొత్తం ఎప్పుడో మానేసింది. తమ్ముడు అయినా ఆ మీట తిప్పాడు. స్టార్టర్ మీద స్టార్టర్ కొట్టాడు. ఏమీ లేదు.

"అన్నా" అన్నాడు వాడు.

"దిగు. తోద్దం" అన్నాను.

వాడు ఒక చేత్తో హ్యాండిల్ పట్టుకుని పక్క నుంచి తోశాడు, నేను వెనక నుంచి. రోడ్డు తడిగా ఉంది. చెప్పులు జారుతుంటే విడిచేశాను. అడ్డాలో ఖాళీ బండిని తోయడం వేరు, ఇద్దరు మనుషులున్న బండిని గుంతలు దాటించడం వేరు. వెనక కార్లు హారన్లు కొడుతున్నాయి. కొంతదూరం పోయాక చాచా కూడా దిగబోయాడు. "నువ్వు దిగకు, ఆమెను పట్టుకో" అని అరిచాను. ఆయన మీద నేను గొంతు పెంచింది ఆ ఒక్కసారే.

అప్పుడు పక్కన ఒక ఆటో నెమ్మది చేసింది. ఎవరో తెలియని మనిషి. వెనక కూరగాయల సంచులతో ఒక పెద్దావిడ కూర్చుని ఉంది.

"ఏమైంది?" అన్నాడు.

"గ్యాస్ అయింది. పేషెంట్ ఉన్నది. దవాఖాన దాక" అన్నాను. అంతకంటే ఊపిరి లేదు.

అతను వెనక్కి తిరిగి ఆవిడను చూశాడు. ఆవిడ అప్పటికే చాచీ వైపు చూస్తోంది. "నన్నేమడుగుతవు బిడ్డా, ముంగట ఆమెను దింపు" అంది.

అతను తన బండిని మా వెనక్కి తెచ్చాడు. "నువ్వు ఎక్కు, హ్యాండిల్ సక్కగ పట్టు" అన్నాడు తమ్ముడితో. తర్వాత తన కాలు చాపి మా బండి వెనక ఆనించి, తన బండిని పోనిచ్చాడు. ఆగిపోయిన బండిని ఇంకో బండివాడు కాలితో తోసుకుపోవడం మీరు రోడ్డు మీద చూసే ఉంటారు. కానీ అందుకు ఇంజన్ ఎంత ఏడుస్తుందో, ఎంత తాగుతుందో నడిపేవాడికే తెలుసు. మలక్‌పేట దాకా అతను కాలు తీయలేదు. నేను తమ్ముడి పక్కన కూర్చుని వెనక్కి చూస్తే, అతని తొడ వణుకుతూ కనిపించింది.

ఆసుపత్రి గేటు దగ్గర స్ట్రెచర్ వచ్చి చాచీని లోపలికి తీసుకుపోయేదాకా ఆ గొడవలో మాకేమీ తెలియలేదు. ఆ తర్వాత చూస్తే ఆ ఆటో లేదు. అతని పేరు అడగలేదు. నంబరు చూడలేదు. ఆవిడనూ, ఆమె కూరగాయలనూ ఇంటి దగ్గర దింపడానికి పోయి ఉంటాడు.

ఊపిరితిత్తుల్లో నీరు చేరిందన్నారు డాక్టర్లు. ఇంకొంచెం ఆలస్యమైతే కష్టమయ్యేది, ఇప్పుడు భయం లేదు అన్నారు. ఆ మాట విన్నాక చాచా గోడ పక్కన నేల మీద కూర్చున్నాడు. తమ్ముడు ఆయన ముందు కూర్చుని, "చాచా, పెట్రోల్ జర ఉంచుకుంటే బండి ఆగకపోతుండె. నాదే తప్పు" అని ఏడ్చాడు.

చాచా వాడి తల మీద చేయి పెట్టాడు. "నా బండిల గూడ గంతే ఉంటుండె బేటా. ఈయన బండిల గూడ. అందరం గట్లనే బతుకుతున్నం."

చాచీ ఇంటికి వచ్చిన తర్వాత కొద్దిరోజులకు చాచా అడ్డాకు వచ్చాడు. సాయంత్రం మేం ఇంటికి బయలుదేరే వేళ, ఆయన గోదాం వైపు పోయి తన బండిని బయటికి తోసుకొచ్చాడు. ఆ రోజు ఆయన బండి వంతు కాదు.

"ఇయ్యాల్టిసంది నా బండి నాతోటే ఉంటది" అన్నాడు. "ఇంటి ముంగట బండి కనవడాలె భాయ్. చాచీకి ధైర్యం. నాకు గూడ."

కాదనడానికి ఏముంది? ఆయన చెప్పింది సరైన మాట. అది సరైన మాట కాబట్టే నాకు బాధ కలిగింది. తప్పుడు మాటైతే లొల్లి పెట్టుకుని మార్చేవాళ్ళం.

మొదటి కొన్ని రోజులు మూడు బండ్లూ ఒకదాని వెనక ఒకటి పోయాయి. చాచా ముందు, నేను మధ్య, తమ్ముడు వెనక. సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు పక్కపక్కకు వచ్చి నాలుగు మాటలు మాట్లాడుకునేవాళ్ళం. కానీ బండి ఖాళీగా పోతుంటే ఎవరో ఒకరు చేయెత్తుతారు. ఇంటికి పోయే దారిలో గిరాకీ దొరికితే వదులుకోవడానికి మేమేమన్నా నవాబులమా? ఒకరోజు చాచా ఎవరినో ఎక్కించుకుని పక్కకు తిరిగాడు. ఇంకోరోజు నేను. తర్వాత ఒకరికోసం ఒకరు ఆగడం కూడా పోయింది.

తమ్ముడు ఆ తర్వాత బ్యాటరీ ఆటో కొన్నాడు. ఫోన్‌లో పిలిచినవాళ్ళకే నడుపుతాడు, అడ్డాకు రాడు. ఈ మధ్య కనిపిస్తే, "గ్యాస్ ఫికర్ లేదన్నా ఇగ. చార్జింగ్ ఎంతున్నదని దాన్నే చూస్కుంట ఉంట" అన్నాడు. బండి మారినా మీటర్ ముల్లు మీది చూపు మారలేదు. చాచా బండి అమ్మేశాడు. ఆ మరుసటి చలికాలంలో, ఏ జబ్బూ లేని మనిషి, నిద్రలోనే పోయాడు. అప్పటిదాకా అందరం చాచీ గురించే భయపడ్డాం. ఆమె మందులు మింగుకుంటూ ఉంది.

నేను బండి దిగాక ఒకరోజు చూసిపోదామని వాళ్ళింటికి వెళ్ళాను. చాచీ చాయ్ ఇచ్చి, తలుపు దగ్గర పీట మీద కూర్చుంది. ఆమె తన ఉర్దూలోనే మాట్లాడింది. నాకు గుర్తున్నంతవరకు మన మాటల్లో చెబుతున్నాను.

"మీరు ముగ్గురు ఒక్క బండిల వస్తున్నప్పుడు ఏం మాట్లాడుకుంటుండిరి?" అని అడిగింది. "ఆ రోజులల్ల మీ చాచా నవ్వుకుంట ఇంట్లకు వస్తుండె. ఏమైందంటే చెప్తలేకుండె. చెప్పులు ఇడ్సుడు, సీదా పొయ్యికాడికి పోవుడు, గిన్నె మీది మూత తీసి చూసుడు. గంత ఆకలేంది అనుకుంటుంటి."

నాకు ముందు ఏమీ గుర్తు రాలేదు. ఏడాది పొడవునా మాట్లాడుకున్నాం. ఆ మాటల్లో దాచిపెట్టుకోదగ్గది ఒక్కటీ లేదు. తర్వాత మెల్లగా గుర్తొచ్చింది.

"పందెం చాచీ" అన్నాను. "రోజూ ముగ్గురం పందెం కడ్తుంటిమి. తనింట్ల ఏం కూరనో ఎవరికి వాళ్ళు చెప్పాలె. చెప్పినోనింట్ల గదే కూర ఉంటే గెల్చినట్టు. ఓడినోడు మర్నాడు చాయ్ తాగియ్యాలె. గందుకే మూత తీసి చూస్తుండె."

ఆమె నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. చాలాసేపు నవ్వింది. కళ్ళు తుడుచుకుని, "గెలుస్తుండెనా?" అంది.

"యాడ గెలుస్తడు? రోజూ ఒక్కటే చెప్తుండె. బఘారా బైంగన్. మేం ఎంత చెప్పినా మార్చకపోతుండె."

నవ్వు ఆగింది. ఆమె పొయ్యివైపు చూసింది.

"ఆ వంకాయల మసాలంత ఏయించి నూరాలంటే పొయ్యికాడ మస్తుసేపు నిలవడాలె" అంది. "అప్పుడు నాకు ఆయాసం. గందుకే అడగలేదేమో." నావైపు తిరిగి, "ఒక్కసారి అడిగితే చేసి పెడ్తుంటి గద" అంది.

గ్లాసు కింద పెట్టాను.

"ఓడినా నవ్వుతనే ఉండె చాచీ" అన్నాను. అది మాత్రం నిజం.